వెళ్ళిపోయే ముందు పక్షులు: ఇరకం దీవి, పళ్ళికరణై

సూళ్ళూరుపేటలో పక్షుల పండగ అంటే అందరికీ జనవరే గుర్తొస్తుంది. ఫ్లెమింగో ఫెస్టివల్ పేరుతో స్టాళ్ళు, స్టేజీలు, స్కూలు పిల్లల డాన్సులు, శ్రీహరికోట రోడ్డు పొడవునా కార్లు. మా పెద్దమ్మకి ఆ సందడి ఇష్టమే, ఊళ్ళో నలుగురికీ నాలుగు డబ్బులు దొరుకుతాయి, పిల్లలు పక్షుల బొమ్మలన్నా గీస్తారు అనేది. పక్షుల్ని చూడ్డానికి మాత్రం ఆమె లెక్క వేరు. "జనవరిలో అందరూ చూస్తార్లే పాపా, మార్చి ఆఖర్లో రా నువ్వు, అప్పుడు చూపిస్తా నేను" అని ఏళ్ళ తరబడి పిలుస్తూనే ఉంది.

పెద్దమ్మ టీచరు. ఉద్యోగంలో కొన్నేళ్ళు ఇరకం దీవిలో పనిచేసింది. తడ మండలంలో పులికాట్ సరస్సు మధ్యలో ఉంటుంది ఇరకం, భీములవారిపాలెం రేవు నుంచి పడవ మీదే పోవాలి. పొద్దున పోవడం, సాయంత్రం రావడం, గాలి ఎదురైతే ఇంకాస్త ఆలస్యం. పడవలో పుస్తకం చదవబోతే తల తిరిగేదట, అందుకని నీళ్ళ వైపు చూస్తూ కూర్చోవడం అలవాటైంది. మొదట్లో పడవ వాళ్ళు చెప్పిన పేర్లే నేర్చుకుంది, తర్వాత ఎవరో ఇచ్చిన బొమ్మల పుస్తకం, ఆ తర్వాత జీతంలో మిగిల్చి కొనుక్కున్న బైనాక్యులర్స్. పక్షుల లెక్క రాయడానికి బళ్ళో పాడుబడ్డ హాజరు పట్టీ పుస్తకాలు వాడేది. ఎడమ పక్కన పిల్లల పేర్లు రాసే చోట పక్షుల పేర్లు, పైన తేదీలు, కనపడిన రోజున టిక్కు. నీళ్ళ లోతు కూడా రాసేది, మోకాలు, నడుము, చీలమండ అని. ఏ పక్షయినా ఆ ఏటికి ఇక కనిపించడం మానేస్తే చివరి టిక్కు పక్కన ఎర్ర ఇంకుతో 'టీసీ' అని రాసి గీత గీసేది. మార్చి, ఏప్రిల్ పేజీల నిండా టీసీలే.

నాకు 2016లో కుదిరింది. గుడ్ ఫ్రైడేతో కలిపి శని, ఆదివారాలు సెలవొచ్చాయి. అప్పుడు చెన్నైలో ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) మీద ఒక ఆఫీసులో పనిచేసేదాన్ని, వేళచ్చేరిలో ఉండేదాన్ని. మూర్ మార్కెట్ నుంచి మెము రైలు ఎక్కితే గుమ్మిడిపూండి, ఆరంబాకం, తడ దాటుకుంటూ సూళ్ళూరుపేట వచ్చేస్తుంది. ఆరంబాకం దాకా బోర్డులు తమిళంలో, తడ నుంచి తెలుగులో. ఆ మార్పు చూసిన ప్రతిసారీ ఇంటికొచ్చేసిన ఫీలింగ్ నాకు.

ఆ ఏడు ఎందుకు అంత బాగుందో చెప్పాలంటే ముందు వానల గురించి చెప్పాలి. 2015 నవంబర్, డిసెంబర్‌లలో చెన్నై మునిగింది అందరికీ తెలుసు, మా వైపు కూడా అంతే వానలు, కాళంగి నది పొంగి సూళ్ళూరుపేట దగ్గర హైవే మీదకి నీళ్ళొచ్చాయి. ఆ నీళ్ళన్నీ చివరికి చేరేది పులికాట్‌కే. ఒడిశాలో చిలికా తర్వాత దేశంలో రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇది, కానీ లోతు తక్కువ, చాలా చోట్ల మనిషి నడిచిపోవచ్చు. నీళ్ళు మరీ ఎక్కువుంటే ఫ్లెమింగోలకి (మా వైపు రాజహంసలంటారు) లాభం లేదు, అవి నిలబడి తినాలి కదా, కాళ్ళు అందాలి. కాబట్టి వానలు బాగా పడ్డ ఏడు జనవరిలో నీళ్ళు లోతుగా ఉంటే అవి ఎక్కడెక్కడో ఒడ్డుల వెంట చెదిరిపోయి ఉంటాయి. ఎండలు మొదలై నీళ్ళు తీసేకొద్దీ మార్చికి మోకాలి లోతు మైదానాలు బయటపడతాయి, అప్పుడొచ్చి గుంపు కడతాయి. పెద్దమ్మ చెప్పేది ఇదే, ఆమె పుస్తకాల్లో ఏడాది తర్వాత ఏడాది అలాగే ఉంది.

శుక్రవారం సాయంత్రం పెద్దగా చేసిందేమీ లేదు. చెంగాళమ్మ గుడికి వెళ్ళొచ్చాం, పెద్దమ్మ రెండు బైనాక్యులర్స్ అద్దాలూ మెత్తటి పాత చీర ముక్కతో తుడిచి పెట్టింది, రాత్రి పులిహోర కలిపి డబ్బాలో సర్దింది, మూడున్నరకి అలారం.

భీములవారిపాలెం చేరేసరికి ఇంకా మసక చీకటి. రేవులో పడవలు, ఐసు పెట్టెలు, వలలు దులుపుతున్న వాళ్ళు, ఒక పక్క నుంచి చేపల వాసన, ఇంకో పక్క టీ వాసన. మా పడవ మనిషి పెద్దమ్మ దగ్గర రెండో తరగతి చదివినవాడు. ఆమెను చూడగానే తుండుగుడ్డ భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు.

"రండి టీచరమ్మా, ఇంకా ఎన్నేళ్ళు తిరగతారు ఈ నీళ్ళల్లో?"

"కాళ్ళు ఆడినన్నాళ్ళూ తిరగతా. ఏం అబ్బయ్యా, రాజహంసలు యాడుండాయి ఈ వారం?"

"ఇరకానికి తూర్పు పక్క ఉండాయమ్మా. నిన్న సాయంత్రం దిగినాయి, చానా ఉండాయి. ఇంజను ఆపేసి గెడ మీద పోదాం, లేకపోతే లేచిపోతాయి."

తెల్లారుతుంటే పులికాట్ మీద వెలుగు ముందు నీళ్ళలోంచి వచ్చినట్టుంటుంది, ఆకాశం తర్వాత తెల్లబడుతుంది. మొదట కనిపించినవి టెర్న్‌లు, సన్న రెక్కల నీటి పక్షులు. వలల కోసం పాతిన కర్రలుంటాయి సరస్సులో, వరసగా, ఒక్కో కర్ర మీద ఒక్కోటి కూర్చుని ఉన్నాయి. చలికాలంలో ఈ విస్కర్డ్ టెర్న్ చూస్తే బూడిద, తెలుపు తప్ప చెప్పుకోడానికి ఏమీ ఉండదు. ఆ పొద్దున మా పడవ పక్కనే పది అడుగుల దూరంలో కర్ర మీద కూర్చున్నది మాత్రం నెత్తి మీద నల్లగా నిగనిగలాడుతూ ఉంది, చెంప తెల్లగా గీత గీసినంత స్పష్టంగా, ముక్కు ముదురు ఎరుపుకి తిరిగింది, పొట్ట కింద బొగ్గు రంగు మచ్చలు మచ్చలుగా మొదలై ఇంకా పూర్తిగా కలవలేదు. దాని పక్క కర్ర మీదున్నదానికి ఇంకా ఏమీ మారలేదు, నుదురు తెల్లగానే ఉంది. ఒకే జాతి అంటే కొత్తగా చూసేవాళ్ళు నమ్మరు.

టెర్న్‌ల చుట్టాలైన గల్‌లు కూడా అంతే. బ్రౌన్ హెడెడ్ గల్ అని పుస్తకంలో పేరుంటుంది, చలికాలమంతా దాని తల తెల్లగా ఉంటుంది, కంటి వెనక ఒక మచ్చ తప్ప. తలకి ఆ గోధుమ రంగు వచ్చేది అవి వెళ్ళిపోయే ముందే. లడఖ్, టిబెట్ పీఠభూమి మీద సరస్సుల దగ్గర గూళ్ళు పెడతాయి, ఆ రంగు అక్కడ జత కోసం. మన దగ్గర చూడగలిగేది ఈ రెండు మూడు వారాలే. పెద్దమ్మ మార్చి ఆఖరు అని ఎందుకు పట్టుబట్టిందో నాకు ఆ పడవలో, ఆ కర్రల మధ్య అర్థమైంది. ఆర్నెల్లు మన నీళ్ళలో తిని పెరిగిన పక్షులు, వాటి అసలు రంగులోకి మన కళ్ళ ముందే మారుతూ, అలా మారడమే ప్రయాణానికి సిద్ధమవ్వడం. అన్ని వేల ఫొటోలు చూస్తాం జనవరివి, ఇది ఎవరూ చూపించరు.

కొంచెం ముందుకు పోయాక నీళ్ళలో ఆడవాళ్ళు కనిపించారు, ఆరేడుగురు ఒక వరసలో. మెడ దాకా నీళ్ళలో ఉన్నట్టనిపించింది దూరం నుంచి, దగ్గరికి పోతే అర్థమైంది, నీళ్ళు నడుము లోతు కూడా లేవు, వాళ్ళు వంగి కూర్చుని బురదలో చేతులతో వెతుకుతున్నారు. రొయ్య చేతికి తగలగానే పట్టి, పళ్ళతో కరిచి పట్టుకున్న చిన్న తాటాకు బుట్టలో వేసుకుంటున్నారు. రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కాబట్టి బుట్ట నోట్లో. నోరు తెరవలేరు గనక పెద్దమ్మ పలకరిస్తే ఒకావిడ కళ్ళతోనే నవ్వి తల ఊపింది. ఆమె వెనక నాలుగు గజాల దూరంలో ఒక నారాయణ పక్షి నిలబడి ఉంది, కాళ్ళ దగ్గర నీళ్ళలోకి చూస్తూ. ఆ మనుషుల్ని చూసి అది బెదరట్లేదు. మా పడవ చూసి మాత్రం రెండడుగులు పక్కకి జరిగింది.

ఫ్లెమింగోలు కనపడే ముందు వినపడతాయి. బాతుల గుంపు గగ్గోలు లాంటి చప్పుడు, ఎడతెగకుండా, కింద గొంతుతో. పడవ మనిషి ఇంజను కట్టేసి గెడకర్ర అందుకున్నాడు. దూరంగా నీళ్ళకీ ఆకాశానికీ మధ్య ఒక లేత గులాబి గీత ఉంది, బైనాక్యులర్స్ పెట్టగానే ఆ గీత విడిపోయి మెడలు, కాళ్ళు, మెడలు, కాళ్ళు. ఎన్ని వందలో నేను లెక్కపెట్టలేదు, పెద్దమ్మ మాత్రం పది పదిగా విడగొట్టి పెన్సిల్‌తో రాసుకుంటూనే ఉంది, నాకు చూడ్డమే సరిపోయింది.

గుంపుకి ఈ చివర ఒకటి ఒంటరిగా తింటోంది, దాన్ని చాలాసేపు చూశాను. తల పూర్తిగా తలకిందులుగా నీళ్ళలో పెడుతుంది, పై ముక్కు కిందకొస్తుంది, ముక్కు మధ్యలో వంగి ఉండేది అందుకే. లోపల నాలుక ముందుకీ వెనక్కీ ఆడుతూ నీళ్ళు లాగి బయటికి తోస్తుంది, ముక్కు అంచుల్లో ఉండే సన్నటి పళ్ళ వరసల్లో చిన్న పురుగులు, నాచు, రొయ్య పిల్లలు చిక్కుకుంటాయి. ఇదంతా చదివినదే. చదవనిది కాళ్ళ పని. తల ఒకచోట ఉంచి, దాని చుట్టూ తాను తిరుగుతూ రెండు కాళ్ళతో బురద తొక్కుతుంది, ఎడమ, కుడి, ఎడమ, కుడి, అలా ఒక చుట్టు తిరిగేసరికి నీళ్ళ మీదకి బురద లేచి గుండ్రంగా ఒక మరక, అది వదిలి నాలుగడుగులు వేసి మళ్ళీ ఇంకో మరక. అది నడిచొచ్చిన దారి అంతా ఆ గుండ్రటి మరకలు వరసగా కనిపిస్తున్నాయి, వెనకవి మెల్లగా కరిగిపోతూ. దాని పక్కనే బూడిద రంగు పిల్లలు నాలుగైదు ఉన్నాయి, వాటికి గులాబి రంగు రావడానికి ఇంకా ఏళ్ళు పడుతుంది, తినే తిండిలోంచే ఆ రంగు ఎక్కాలి. మన దేశంలో ఇవి గూళ్ళు పెట్టే పెద్ద చోటు గుజరాత్‌లో కచ్ రణ్. బురదని కుప్పగా పోసి దాని మీద ఒక్కటే గుడ్డు పెడతాయి.

ఒకసారి ఏదో చూసి బెదిరాయి, గద్ద అనుకుంటా. ఈ చివర నుంచి ఆ చివరకి మెడలన్నీ ఒక్కసారి నిటారుగా లేచాయి, అందరూ ఒకే వైపు నడక మొదలుపెట్టారు (పెద్దమ్మతో ఉంటే పక్షుల్ని కూడా 'అందరూ' అనడం అలవాటవుతుంది), నడక పరుగైంది, నీళ్ళ మీద కాళ్ళ చప్పుడు టపటపా, రెక్కలు విప్పేసరికి కింద దాచుకున్న ఎరుపు, నలుపు మొత్తం బయటపడింది. కూర్చున్నప్పుడు తెల్లగా, లేతగా ఉండే పక్షి ఎగిరితే ఇంత రంగుంటుందని ముందే తెలిసినా గుండె ఝల్లుమంది. ఒక పెద్ద చుట్టు తిరిగి కొంచెం అవతల దిగాయి.

"రాకెట్ పోయినప్పుడు కూడా ఇట్టాగే లేస్తాయా పెద్దమ్మా?" అని అడిగాను. ఆ నెల పదో తారీఖునే పీఎస్ఎల్వీ రాకెట్ వెళ్ళింది షార్ నుంచి, అంటే శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం నుంచి, ఐఆర్ఎన్ఎస్ఎస్ ఉపగ్రహంతో.

"లేస్తాయి. కాసేపు తిరిగి మళ్ళా ఆణ్ణే దిగతాయి, తిండి ఆడుండాదిగా. మనిషే, చేతిలో ఫోను పెట్టుకుని నీళ్ళలో దిగి దగ్గరికి పోయినాడంటే ఆ రోజంతా తిననివ్వడు."

షార్‌కి సతీష్ ధావన్ పేరు పెట్టారని అందరికీ తెలుసు. ఆయన 1972 నుంచి 1984 దాకా ఇస్రో ఛైర్మన్. ఏరోడైనమిక్స్ మనిషి, పక్షులు గాల్లో ఎలా తేలతాయి, రెక్క ఏ కోణంలో తిప్పుతాయి అన్నదాని మీద ఒక పుస్తకమే రాశారు, 1991లో అచ్చయింది. మా వైపు పిల్లలకి ఈ సంగతి బళ్ళో చెప్పాలి అని పెద్దమ్మ పట్టుదల, ఆమె క్లాసులో ప్రతి ఏడూ చెప్పేది. రాకెట్ చూడ్డానికి మేడలెక్కే ఊళ్ళో, ఆ రాకెట్ల పెద్దాయన పెలికాన్లని చూస్తూ లెక్కలు కట్టాడని తెలిస్తే పిల్లలు పెలికాన్లని ఇంకోలా చూస్తారు అనేది. నాకూ అదే నమ్మకం.

ఇరకంలో దిగేసరికి ఎండ చురుక్కుమంటోంది. బడి దగ్గర ఆమెని గుర్తుపట్టి ఇద్దరు ముగ్గురు వచ్చారు, ఒకావిడ చెంబుతో మజ్జిగ తెచ్చింది. ఊళ్ళో మాట్లాడుకునే మాటలన్నీ నీళ్ళ చుట్టూనే. రాయదొరువు దగ్గర సముద్రపు ముఖద్వారం ఇసకతో పూడిపోయింది, సముద్రపు నీళ్ళు లోపలికి రావట్లేదు, రొయ్య లేదు, చేప లేదు, తవ్వుతామంటారు తవ్వరు. సరస్సుకీ సముద్రానికీ మధ్య ఆ దారి తెరుచుకుని ఉంటేనే చేప పిల్లలు లోపలికొస్తాయి, ఉప్పు పాళ్ళు నిలకడగా ఉంటాయి. పూడితే లోపలి నీళ్ళు ఎండాకాలంలో చిక్కటి ఉప్పు అయిపోతాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోటకి సరస్సు మీదుగా వేసిన రోడ్డుకి ఉత్తరం పక్క అయితే ఇంకా ముందే ఎండి పగుళ్ళిస్తుంది. పక్షుల కోసం వచ్చేవాళ్ళు ఈ మాటలు కూడా వినాలి. 1976లో ఇది పక్షుల అభయారణ్యమైంది, మంచిదే, కానీ జాలరికి చేప దొరకని చోట పెలికాన్‌కి మాత్రం ఎక్కడి నుంచి దొరుకుతుంది?

మధ్యాహ్నం ఎండలో మిగతావాళ్ళు నీడకి పోతే మేం దీవి అంచున తాటిచెట్టు కింద కూర్చున్నాం. పులిహోర తిన్నాం. ఎదురుగా ఇలకూర మొక్కలు, వాటి అవతల తడి బురద, బురద మీద ఉల్లంకి పిట్టలు. ఇవి ఫ్లెమింగోల పక్కన ఎవరి కళ్ళకీ ఆనవు. లిటిల్ స్టింట్ అనేది పాతిక, ముప్పై గ్రాములుంటుందేమో, బురద మీద తల ఎత్తకుండా పొడుస్తూ పరుగెడుతూ ఉంటుంది. గూడు పెట్టేది ఉత్తర ధ్రువం దగ్గర టండ్రాలో. దాని పక్కనే కొంచెం పెద్దది, ముక్కు కిందకి వంగినది, కర్ల్యూ సాండ్‌పైపర్, ఒకదాని రొమ్ము మీద ఇటుక రంగు పూత పడుతోంది, అక్కడొకటి అక్కడొకటి ఈకలు మారి. అది కూడా సైబీరియా పైకే. వాటిని చూస్తుంటే పెద్దమ్మ నాతో అన్న మాటలు ఎక్కువ లేవు, "తిననీ, బాగా తిననీ" అంటూ ఉంది మెల్లగా, పిల్లలకి అన్నం పెట్టేటప్పుడు అన్నట్టే. ఆ పొడిచిన పురుగే కొవ్వయి దాని దారి ఖర్చు. ఆ బురద ఎండిపోతే, లేకపోతే ఎవరైనా దాన్ని చెరువుగా తవ్వేస్తే, ఎక్కడో సైబీరియాలో ఒక గూడు లేనట్టు.

తిరిగొచ్చేటప్పుడు గాలి ఎదురైంది, చాలా సేపు పట్టింది, ముఖం మీద ఉప్పు కట్టింది. ఒక గూడబాతుల (పెలికాన్ల) గుంపు మా నెత్తి మీదుగా నేలపట్టు వైపు పోయింది. దొరవారి సత్రం దగ్గర నేలపట్టు చెరువులో కడప చెట్ల మీద అవి గూళ్ళు పెడతాయి, తిండికి మాత్రం ఇక్కడికే వస్తాయి.

ఆదివారం పొద్దున్నే పెద్దమ్మని నాతో చెన్నై తీసుకొచ్చాను. కంటి డాక్టరు దగ్గర సోమవారం అపాయింట్‌మెంట్ ఉంది, ఆమె బ్యాగులో రిపోర్టుల కంటే ముందు బైనాక్యులర్స్ పెట్టుకుంది. "మీ ఆఫీసు దోవలో ఏందో చిత్తడి ఉండాదంటివే, అది చూపీ" అని రైల్లోనే ఒప్పందం. ఆ చిత్తడే పళ్ళికరణై. దారిలో ఒక మాట చెప్పింది. పులికాట్ పక్కనే పోయే బకింగ్‌హామ్ కాలవ చెన్నై మధ్య నుంచి కూడా పోతుంది, పళ్ళికరణై నీళ్ళు ఒక్కియం మడుగు మీదుగా కలిసేది ఆ కాలవలోనే, కోవళం దగ్గర సముద్రంలోకి. అంటే నిన్న మేం చూసిన నీళ్ళకీ ఈ రోజు చూడబోయే నీళ్ళకీ ఒకప్పుడు పడవలు తిరిగిన దారే ఉంది. ఇప్పుడా కాలవ చెన్నైలో ఎలా ఉందో చూసినవాళ్ళకి తెలుసు.

పళ్ళికరణై గురించి తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. దక్షిణ చెన్నైలో చుట్టుపక్కల చెరువులు నిండి పొర్లిన నీళ్ళన్నీ వచ్చి ఆగే పల్లపు నేల అది. 1960ల్లో ఐదు వేల హెక్టార్లకు పైగా ఉండేదని చెప్తారు. తర్వాత దాని మీద కాలనీలు, ఐటీ కంపెనీలు, కాలేజీలు, రైలు మార్గం, మధ్యలోంచి పల్లవరం - తొరైపాక్కం రేడియల్ రోడ్డు, ఒక పక్క పెరుంగుడి చెత్త యార్డు, దక్షిణ చెన్నై చెత్తంతా అక్కడికే. 2007లో 317 హెక్టార్లు రిజర్వు ఫారెస్టు అయింది. 2015 డిసెంబర్‌లో వేళచ్చేరి అపార్ట్‌మెంట్లలో మొదటి అంతస్తు దాకా నీళ్ళొచ్చినప్పుడు, ఆ నీళ్ళు ఎక్కడ ఆగాలో అక్కడ మనం ఉన్నాం అన్న సంగతి మా వీధిలో అందరూ మాట్లాడుకున్నారు. పక్షులకి ఆ వరద మేలు చేసింది. మార్చి దాకా చిత్తడి నిండా నీళ్ళు.

నాలుగున్నరకి రేడియల్ రోడ్డు మీద ఆటో దిగాం. వెనక లారీలు, బస్సులు, హారన్లు, ఎదురుగా చెత్త దిబ్బ మీంచి సన్నగా పొగ, దాని పైన వందలకొద్దీ గద్దలు. పెద్దమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కాసేపు అలా నిలబడింది, నాకు టెన్షన్, ఇంత దూరం తీసుకొచ్చానే అని. ఆమె బైనాక్యులర్స్ పైకెత్తి ఒక్కసారి ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పింది. "పాపా, సూదితోక బాతులు. ఇంకా పోలేదు ఇయ్యి" అంది.

పోలేదు. గుంపులు గుంపులుగా ఉన్నాయి, మగవాటి మెడ మీద తెల్ల గీత, వెనక సూది లాంటి తోక, తల నీళ్ళలో ముంచి తోక పైకెత్తి తింటున్నాయి, పక్కనే ముక్కు వెడల్పుగా ఉండే షోవెలర్ బాతులు. నల్లతోక గాడ్విట్‌లనే పొడుగు ముక్కు పిట్టలు ఒక వరస, వాటిలో మెడ ఇటుకెరుపు తిరిగినవి సగం పైనే. ముందు రోజు దీవిలో చూసిన టెర్న్‌లే ఇక్కడ కరెంటు తీగల కింద నీళ్ళ మీద ఎగురుతున్నాయి, అదే నల్ల నెత్తి, అదే పొట్ట. పొడుగు ఎర్ర కాళ్ళ స్టిల్ట్‌లు రోడ్డు గట్టుకి అంత దగ్గరగా ఉన్నాయంటే బైనాక్యులర్స్ అక్కర్లేదు. ఫ్లెమింగోలు కూడా ఉన్నాయి, ఒక చిన్న గుంపు, చెత్త దిబ్బ నీడ పడుతున్న వైపు, అదే కాళ్ళతో అదే గుండ్రటి మరకలు వేస్తూ.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఎక్కువసేపు చూసింది మాత్రం జకానాని. నెమలితోక జకానా. ఆకుల మీద నడిచే పిట్ట, కాలి వేళ్ళు విపరీతంగా పొడుగు, అందుకే తామరాకు మునగదు. చలికాలంలో మట్టి రంగు, తోక పొట్టి. ఇది సగంలో ఉంది, మెడ వెనక పసుపు బంగారంలా తేలింది, తోక ఈకలు నల్లగా వంపు తిరిగి పెరుగుతున్నాయి. ఇది ఎక్కడికీ పోదు, ఇక్కడే గూడు పెడుతుంది, వానల్లో. ఆడది గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి పోతుంది, పొదిగేదీ పిల్లల్ని తిప్పేదీ మగదే. ఈ సంగతి పెద్దమ్మ నాకు చెప్తుంటే బండి ఆపి ఒక కుటుంబం మా పక్కన నిలబడింది, ఇద్దరు పిల్లలు. వాళ్ళ నాన్న "ఎన్న పాక్కరీంగ?" అని అడిగాడు, ఏం చూస్తున్నారు అని. పెద్దమ్మకి సరిహద్దు తమిళం బాగా వచ్చు. బైనాక్యులర్స్ తీసి చిన్నదాని మెడలో వేసి, తాడు కురచ చేసి, గడ్డం పట్టుకుని తల ఎటు తిప్పాలో చూపించింది. ఆ పాపకి ఫ్లెమింగో దొరకగానే నోట మాట లేదు, వాళ్ళమ్మ "కుప్పమేడు పక్కత్తులయా?" అని రెండుసార్లు అడిగింది. చెత్త దిబ్బ పక్కనా అని. వాళ్ళు ఆ రోడ్డు మీదే రోజూ పోయేవాళ్ళట.

ఆరుంపావు దాకా ఉన్నాం. వెళ్ళేటప్పుడు పెద్దమ్మ నాకు రెండు పనులు అప్పజెప్పింది. ఏప్రిల్‌లో ప్రతి ఆదివారం వచ్చి ఏవి ఉన్నాయో రాసి ఫోన్‌లో చెప్పాలి, సూదితోక బాతులు ఎప్పుడు పోయాయో తేదీ కావాలి. చెప్పాను. ఆ ఏడు ఆమె పుస్తకంలో పళ్ళికరణై పేరుతో విడిగా పేజీ ఉంది, తేదీలు నావి, టిక్కులు ఆమెవి.

ఆ తర్వాత నేను హైదరాబాద్ వచ్చేశాను. పళ్ళికరణైకి 2022లో రామ్‌సర్ గుర్తింపు (ముఖ్యమైన చిత్తడి నేలలకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, దాదాపు 1,248 హెక్టార్లకి. ఆ వార్త పేపర్లో చూసి నాకంటే ముందు పెద్దమ్మే ఫోన్ చేసింది, "ఇంకనన్నా ఆ కుప్ప తీస్తారా?" అని. చెత్త తవ్వి వేరుచేసే పని మొదలైందని చెప్పాను. గుర్తింపు వచ్చినంత మాత్రాన చుట్టూ కట్టడాలు ఆగిపోవు, ఆ గీతకి బయట ఉన్న పల్లం కూడా చిత్తడే, నీటికి గీతలు తెలియవు కదా. దీని మీద మాట్లాడుతూనే ఉండాలి చెన్నైలో ఉన్నవాళ్ళు.

వెళ్ళాలనుకునేవాళ్ళకి: మార్చి మూడో వారం నుంచి ఏప్రిల్ మొదటి వారం లోపల వెళ్ళండి. ఇరకం వైపు అయితే తెల్లారకముందే రేవులో ఉండండి, పడవ వాళ్ళని ఇంజను దూరంగానే ఆపమని అడగండి, వాళ్ళకి ముందు మీరే చెప్తే సంతోషంగా గెడ వేస్తారు. నీళ్ళలో దిగి దగ్గరికి పోవద్దు. దీవిలో చెత్త బుట్టలుండవు, డబ్బాలు, కవర్లు వెనక్కి తెచ్చుకోండి. పళ్ళికరణైకి పొద్దున ఆరింటికి కానీ సాయంత్రం నాలుగున్నర తర్వాత కానీ, ఎండ మధ్యలో వద్దు, గట్టు మీద ట్రాఫిక్ జాగ్రత్త, చిన్నపిల్లలుంటే చెయ్యి పట్టుకోండి. బైనాక్యులర్స్ లేకపోయినా ఫర్వాలేదు, స్టిల్ట్‌లు, జకానాలు కంటికే కనిపిస్తాయి. ఏవి చూశారో, ఏ తేదీన చూశారో మాత్రం ఎక్కడన్నా రాసిపెట్టుకోండి.